మిద్దె మీది నుంచి తోకచుక్క ఎందుకు కనపడదు?

తోకచుక్క వచ్చిందని వార్త రాగానే నెల్లూరులోనూ ఒంగోలులోనూ మిద్దెలెక్కే వాళ్లకు కొదవ ఉండదు. పడమటి వైపు అరగంట చూసి, మెడ నొప్పి పుట్టి, 'ఏందబ్బా, ఏమీ కనపళ్లా' అనుకుంటూ దిగి వస్తారు. ముచ్చటపడి కొత్తగా బైనాక్యులర్ కొనుక్కున్న కుర్రాళ్ల నిరాశ చూస్తే నాకు మరీ బాధేస్తుంది. వాళ్ల కళ్లు బాగానే ఉంటాయి, బైనాక్యులరూ బాగానే ఉంటుంది. చిక్కంతా మూడు సంగతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడంలో ఉంది: తోకచుక్క వెలుగును చెప్పే అంకె, అది సూర్యుడికి ఎంత దగ్గరలో ఉందన్నది, మసగ్గా ఉండే వస్తువును చూడటం మన కంటికి అలవాటు లేకపోవడం. వీటిని విడదీసుకుంటే, ఇక్కడి నుంచి తోకచుక్కను పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు.

ముందు అంకె సంగతి. ఆకాశంలో వెలుగును మాగ్నిట్యూడ్‌లలో కొలుస్తారు. అంకె చిన్నదయ్యే కొద్దీ వెలుగు ఎక్కువ. ఒక్కో మెట్టుకు వెలుగు సుమారు రెండున్నర రెట్లు మారుతుంది, ఐదు మెట్లకు సరిగ్గా వంద రెట్లు. మంచి చీకటి ఉన్నచోట మామూలు కంటికి 6 దాకా ఆనుతుంది. అందుకే 'ఈ తోకచుక్క మాగ్నిట్యూడ్ 6, కంటికి కనపడొచ్చు' అని రాసేస్తారు. ఆ మాట నక్షత్రానికి సరిపోతుంది. నక్షత్రం ఒక బిందువు, దాని వెలుగంతా ఒక్కచోటే ఉంటుంది. తోకచుక్క బిందువు కాదు. దాని తల చుట్టూ వాయువులు, ధూళి లక్షల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. చెప్పిన అంకె ఆ మొత్తం వెలుగును ఒక్క బిందువులోకి పోగేస్తే ఎంత అవుతుందో ఆ లెక్క. చెంచాడు నెయ్యి ఒక్క ముద్దలో కలిపితే తెలుస్తుంది, కుండెడు అన్నానికి కలిపితే ఎక్కడుందో తెలియదు.

ఈ మాటకు లెక్క కూడా ఉంది. 6 మాగ్నిట్యూడ్ వెలుగును చంద్రబింబమంత వెడల్పున సమంగా పరిచామనుకోండి. అప్పుడు ఆ మసక వెలుతురు, ఏ దీపాలూ లేని అడవిలో రాత్రి ఆకాశానికి సహజంగా ఉండే వెలుతురుతో దాదాపు సమానం. అంటే మంచి చీకట్లో ఆ మేర ఆకాశం చుట్టుపక్కల కంటే రెట్టింపు వెలుగుతో ఉంటుంది, కంటికి తేడా తెలుస్తుంది. అదే ఊరి దీపాల వల్ల ఆకాశం ఇరవై రెట్లు వెలుగుతూ ఉంటే, తోకచుక్క కలిపేది నూటికి ఐదు పాళ్లే. ఆ తేడాను పట్టుకోవడం అలవాటైన కంటికి కూడా కష్టం. మిద్దె మీద ఏమీ కనపడకపోవడానికి అసలు కారణం ఇదే. నిజానికి తోకచుక్క వెలుగు సమంగా ఉండదు, నడుమ చిక్కగా, అంచులకు పోయే కొద్దీ పలచగా ఉంటుంది. అందుకే ఊరి చివర నుంచి చూసినవాళ్లకు తోక, చుట్టూ ఉండే మసక పొర కనపడవు, నడిమి చిన్న ముద్ద ఒక్కటే దొరుకుతుంది. దొరికితే అదే గొప్ప. అదీ తోకచుక్కే.

ఇక్కడ బైనాక్యులర్ గురించి చాలామంది నమ్మని మాట ఒకటి చెప్పాలి. పరుచుకున్న వెలుగును బైనాక్యులర్ ఇంకా చిక్కగా చేయలేదు. ఎంత పెద్ద అద్దమైనా అంతే. నక్షత్రాలను మాత్రం ప్రకాశవంతం చేస్తుంది, తోకచుక్క లాంటి మసక వస్తువును పెద్దది చేసి చూపిస్తుంది. చీకట్లో మన కంటికి చిన్న మసక మచ్చ కంటే పెద్ద మసక మచ్చ తేలిగ్గా ఆనుతుంది కాబట్టి లాభం ఉంది. కానీ వెనక ఆకాశం కూడా అదే పాళ్లలో కనపడుతుంది కాబట్టి, ఊరి వెలుతురును అది తీసెయ్యలేదు. పెద్ద బైనాక్యులర్‌కు పెట్టే డబ్బుతో ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరం బండిలో పెట్రోలు పోయించుకుంటే ఎక్కువ కనపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

కొనాలనుకునేవాళ్లకు 10×50 గానీ 7×50 గానీ చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటి దగ్గర వెలుగు ఎంత వెడల్పున బయటికి వస్తుందో తెలుస్తుంది: 10×50లో 5 మిల్లీమీటర్లు, 7×50లో 7. వయసులో ఉన్నవాళ్ల కంటిపాప చీకట్లో 7 దాకా విచ్చుకుంటుంది, వయసు పైబడితే 5 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి తాతయ్యలకు 10×50 మేలు. 10×50లో ఒక్కసారిగా సుమారు ఆరున్నర డిగ్రీల మేర కనపడుతుంది, పక్కపక్కన పదమూడు చందమామలు పట్టేంత. వెతుకులాటకు ఈ వెడల్పే ప్రాణం. 20 రెట్లు, 30 రెట్లు అని అమ్మేవి, జూమ్ ఉన్నవి వద్దు. వాటిలో కనపడే మేర చిన్నది, చేతుల వణుకు పెద్దది.

రెండో చిక్కు సూర్యుడు. తోకచుక్క అంటే మంచు, ధూళి, రాయి కలిసిన ముద్ద. దూరంగా ఉన్నంతకాలం అది గడ్డకట్టి నల్లగా ఉంటుంది. సూర్యుడికి దగ్గరవుతున్నప్పుడు వేడికి మంచు ఆవిరై, ధూళిని వెంటబెట్టుకుని బయటికి చిమ్ముతుంది. అందుకని మామూలుగా సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చిన రోజుల్లోనే దాని వెలుగు ఎక్కువ. ఆ రోజుల్లో అది మన ఆకాశంలో కూడా తరచు సూర్యుడి పక్కనే ఉంటుంది కాబట్టి, సాయంత్రం మసక వెలుతురులో గానీ తెల్లవారుజామున గానీ చూడాలి. బాగా వెలిగే రోజులే చూడటానికి కష్టమైన రోజులు కావడం ఇందువల్లే.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన రైతులకు తెలిసిన కార్తెల లెక్క చక్కగా పనికొస్తుంది. చిత్త కార్తె అంటే సూర్యుడు చిత్త నక్షత్రం ఉన్న దిక్కులో ఉన్నాడని అర్థం. ఏ కార్తె నడుస్తుంటే ఆ దిక్కు ఆకాశం పగటిపూట మన నెత్తిన ఉంటుంది, రాత్రి దొరకదు. 2024లో షుచిన్షాన్–అట్లాస్ అనే తోకచుక్క సెప్టెంబరు 27న సూర్యుడికి అతి దగ్గరగా, ఐదున్నర కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో వెళ్లింది. అక్టోబరు 12న భూమికి దగ్గరగా, సుమారు ఏడు కోట్ల కిలోమీటర్లకు వచ్చింది. అప్పుడు చిత్త కార్తె. సూర్యుడూ తోకచుక్కా రెండూ కన్యా రాశి వైపే ఉన్నాయి. అందుకే వెలుగు బ్రహ్మాండంగా ఉన్నా పొద్దు గుంకగానే అదీ వెనకే గుంకేది. తర్వాతి రోజుల్లో అది సూర్యుడికి ఎడంగా జరుగుతూ, శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ నడుమ రోజురోజుకూ ఎత్తుకు వచ్చింది, అదే సమయంలో వెలుగు తగ్గుతూ పోయింది. ఎత్తు, వెలుగు రెండూ కాస్త బాగుండే నాలుగైదు రోజులు నడుమ ఎక్కడో ఉంటాయి. వాటిని పట్టుకోవాలి. 'అతి దగ్గరగా వచ్చే రోజు' అని పేపర్లో వేసిన తేదీకి ఎగబడటం కంటే ఇదే మేలు.

గడియారంతో చూద్దాం. చేతిని బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు, నడిమి మూడు వేళ్లు కలిపితే 5. పొద్దు గుంకే వేళకు తోకచుక్క రెండు పిడికిళ్ల ఎత్తులో ఉందనుకుందాం. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ముప్పావు గంటకు అది తొమ్మిది డిగ్రీలకు దిగుతుంది, గంటంబావుకు ఒకటో రెండో డిగ్రీలే మిగులుతాయి. మొదటి అరగంట ఆకాశం మరీ వెలుతురుగా ఉంటుంది. అంటే పొద్దు గుంకాక నలభై నిమిషాల నుంచి గంట దాకా, ఆ ఇరవై నిమిషాలే మన చేతిలో ఉన్నది. ఎనిమిదింటికి భోంచేసి తీరిగ్గా మిద్దెక్కితే చూసేందుకు ఏమీ ఉండదు.

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. నెల్లూరు భూమధ్యరేఖకు 14 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉంది, ఒంగోలు పదిహేనున్నర. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు, గంటంబావులో పూర్తి చీకటి పడుతుంది. లండన్‌లో జూన్ నెలలో రాత్రంతా పూర్తి చీకటే రాదు. సూర్యుడి దరిదాపుల్లో తిరిగే తోకచుక్కలు మనకు వాళ్లకంటే నిటారుగా, ఎక్కువ ఎత్తులో కనపడే అవకాశం ఎక్కువ.

దిగువన ఉన్నదాన్ని చూడటంలో గాలి కూడా అడ్డం. నడినెత్తిన ఉన్న చుక్క వెలుగు ఒక వంతు గాలిని దాటితే, 10 డిగ్రీల ఎత్తున ఉన్నది ఐదున్నర వంతులు, 5 డిగ్రీల దగ్గర ఉన్నది పది వంతులు దాటాలి. దుమ్మూ తేమా ఉంటే చెప్పనక్కరలేదు. కాబట్టి చూసే చోటును తోకచుక్క ఉన్న దిక్కును బట్టి ఎంచుకోవాలి.

తెల్లవారుజామున తూర్పున కనపడేదానికి సముద్రపు ఒడ్డుకు మించిన చోటు లేదు. నెల్లూరు వాళ్లకు మైపాడు, ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం. కళ్ల ముందు చెట్టూ పుట్టా లేని నీటి అంచు. మైపాడు నుంచి కృష్ణపట్నం పోర్టు దీపాలు దక్షిణాన ఉంటాయి కాబట్టి తూర్పుకు ఇబ్బంది లేదు. రొయ్యల చెరువుల దగ్గరి దీపాలు మాత్రం నేరుగా కళ్లలో పడకుండా చూసుకోవాలి. సముద్రం మీది తేమ వల్ల అట్టడుగు రెండు మూడు డిగ్రీలు బూడిద రంగులో ఉంటాయి, అక్కడ వెతకడం దండగ.

సాయంత్రం పడమటన కనపడేదానికి సముద్రపు ఒడ్డు పనికిరాదు. ఒడ్డున నిలబడి వెనక్కి తిరిగితే తీరం వెంట దీపాలు, హైవే, ఊరు అన్నీ ఆ దిక్కునే. అలాగని మరీ పడమటికి, ఉదయగిరి దాకా పోతే కొండలు అడ్డం. నడిమి మెట్ట ప్రాంతంలోని చెరువు కట్టలు నాకు అన్నిటికంటే నచ్చిన చోట్లు. మన నేల వెలిగొండల నుంచి సముద్రం వైపు వాలుతుంది. నీరు పడమటి నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి చాలా చెరువులకు కట్ట తూర్పున వేశారు. ఆ కట్ట మీద నిలబడితే పడమటి వైపంతా నీళ్లు, ఖాళీ ఆకాశం. మన పెద్దలు నీటి కోసం కట్టిన కట్ట సాయంత్రపు తోకచుక్కకు ఇంత చక్కగా కుదరడం నాకు ఎప్పటికీ సంతోషమే. ఒంటరిగా వెళ్లొద్దు, కాళ్లకు బూట్లు వేసుకోండి, కట్టల మీద పాములుంటాయి. పగలే ఒకసారి వెళ్లి చోటు చూసుకోండి.

వాతావరణం మన చేతిలో లేదు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. ఈమధ్య వచ్చిన రెండు మంచి తోకచుక్కలూ ఆ నెలల్లోనే వచ్చాయి. 2024లో షుచిన్షాన్–అట్లాస్ సాయంత్రం వేళ ఎత్తుకు వస్తున్న రోజుల్లోనే వాయుగుండం బయల్దేరి, అక్టోబరు 17న చెన్నైకి ఉత్తరాన తీరం దాటింది. ఆ రోజే పౌర్ణమి కూడా. 2025 అక్టోబరు 21న లెమ్మన్ తోకచుక్క భూమికి దగ్గరగా వచ్చింది, వెలుగు సుమారు 4 మాగ్నిట్యూడ్. ముందు రోజు దీపావళి. అమావాస్య చీకటి దొరికింది గానీ టపాకాయల పొగ తోడైంది. వారం తిరక్కుండా మొంథా తుఫాను. ఇలాంటి రోజుల్లో మబ్బు విచ్చిన పావుగంటను కూడా వదులుకోకూడదు. పంచాంగంలో తిథి చూసుకోండి: సాయంత్రపు తోకచుక్కకు బహుళ పక్షం, తెల్లవారుజాము తోకచుక్కకు శుక్ల పక్షం అనుకూలం, ఆ వేళకు చంద్రుడు ఆకాశంలో ఉండడు.

ఇక చూసే తీరు. వెళ్లేముందు ఫోనులో స్టెల్లేరియం లాంటి ఆకాశపటం యాప్‌లో ఆ రోజు, ఆ గంటకు తోకచుక్క ఎక్కడుందో చూసుకోవాలి. తేదీ ముఖ్యం, తోకచుక్క రోజురోజుకూ చోటు మారుస్తుంది. రాలే చుక్కలా సర్రున పోదు, చూస్తున్నంతసేపూ నక్షత్రాల మధ్య కదలకుండా ఉన్నట్టే ఉంటుంది, మర్నాటికి ఒకటో రెండో డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ జరిగి ఉంటుంది. దాని దగ్గర్లో కంటికి తెలిసే నక్షత్రం ఏదో గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి ఎన్ని పిడికిళ్లు, ఎన్ని వేళ్లు అన్నది కొలుచుకోవాలి.

చోటుకు చేరాక మొదటి పని ఫోకస్. దూరంగా ఉన్న నక్షత్రాన్ని సూది మొనంత చేసుకోవాలి. ముందు కుడి కన్ను మూసి నడిమి చక్రంతో ఎడమ కన్నుకు, తర్వాత ఎడమ కన్ను మూసి కుడివైపు కంటి దగ్గరి రింగుతో కుడి కన్నుకు. ఫోకస్ కాస్త తప్పినా పలచటి తోకచుక్క ఆకాశంలో కలిసిపోతుంది, పైగా ప్రతి నక్షత్రమూ తోకచుక్కలా మసగ్గా కనపడి మోసం చేస్తుంది. చేతులు వణక్కుండా మోచేతులు పిట్టగోడకో, బండి సీటుకో ఆనించండి. ఎత్తున ఉన్నదాన్ని చూడాలంటే నులక మంచం మీద పడుకోవడమంత సుఖం ఇంకోటి లేదు. కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ నడుమ ఒక్కసారి వాట్సాప్ చూసినా మళ్లీ మొదటికే. వెలుతురు కావాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి.

తర్వాత వెతుకులాట. అనుకున్న చోటుకు కాస్త కింద మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి నిదానంగా జరుపుతూ, ప్రతి వరుసా కింది వరుసను సగం కప్పేలా పైకి రావాలి. సాయంత్రం దిగిపోతున్నదాన్ని వెతికేటప్పుడు ముందు అట్టడుగు వరుస చూడటం మర్చిపోవద్దు. ఏదో ఉన్నట్టు అనిపిస్తే దాన్ని నేరుగా చూడకుండా పక్కకు చూడండి. మసక వెలుగును పట్టే కణాలు కంటి నడిమిలో లేవు, పక్కల ఉన్నాయి. అప్పుడు బైనాక్యులర్‌ను వేలితో చిన్నగా తట్టండి. కదిలే మసక మచ్చను కన్ను చప్పున పసిగడుతుంది. నాకు తెలిసి కొత్తవాళ్లకు ఎక్కువగా పనికొచ్చే చిట్కా ఇదే. ఒక హెచ్చరిక: సూర్యుడు పూర్తిగా గుంకకముందు బైనాక్యులర్ అటు తిప్పొద్దు, తెల్లవారుజామున సూర్యోదయానికి చాలా ముందే ఆపేయాలి. బైనాక్యులర్‌లో సూర్యుడు క్షణం కనపడినా కన్ను శాశ్వతంగా పోవచ్చు. పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

ఫోటోలో చూసిన పచ్చటి తల, పొడుగాటి తోక కోసం ఎదురుచూడొద్దు. ఆ పచ్చదనం రెండు కార్బన్ పరమాణువుల జంట సూర్యకాంతికి వెలగడం వల్ల వచ్చేది, కెమెరా పదుల సెకన్ల వెలుగును పోగేసి దాన్ని చూపిస్తుంది. మన కన్నుకు మసక వెలుగులో రంగు తెలియదు, బూడిద రంగు మచ్చే కనపడుతుంది. ఫోను మాత్రం ఒక సాయం చేయగలదు: కదలకుండా ఆనించి నైట్ మోడ్‌లో ఫోటో తీస్తే, మీరు అనుమానపడ్డ చోట నిజంగా ఏదైనా ఉందో లేదో తేలిపోతుంది.

కనపడింది తోకచుక్కేనా? తోక ఎటుందో చూడండి. సౌర పవనం (సూర్యుడి నుంచి ఎప్పుడూ వెలువడే కణాల ధార), సూర్యకాంతి నెట్టుడు వల్ల తోక సూర్యుడికి ఎదురు దిక్కుకు సాగుతుంది. సూర్యుడు అప్పుడే నేల కిందికి దిగాడు కాబట్టి తోక పైకి ఉండాలి. కిందికో అడ్డంగానో గీత ఉంటే అది ఎండ పడ్డ విమానం పొగ కావచ్చు. దానికి ఒక్క మినహాయింపు ఉంది: 2024 అక్టోబరు నడుమ షుచిన్షాన్–అట్లాస్‌కు సూర్యుడి వైపు కూడా సన్నటి ముల్లులా తోక కనపడింది. భూమి ఆ తోకచుక్క కక్ష్యాతలాన్ని, అంటే అది తిరిగే దారి ఉన్న తలాన్ని, దాటినప్పుడు, వెనక పరుచుకున్న ధూళిని మనం అంచు వైపు నుంచి చూడటం వల్ల అలా అవుతుంది. ఇంకా అనుమానముంటే, ఉన్న చోటును పక్క నక్షత్రాలతో సహా కాగితం మీద గుర్తేసుకుని మర్నాడు చూడండి. జరిగితే తోకచుక్క, అక్కడే ఉంటే నీహారికో (ఆకాశంలో మేఘంలా కనపడే మసక వెలుగు) నక్షత్రాల గుంపో. తోకచుక్కలు వెతికే షార్ల్ మెస్సియే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త 18వ శతాబ్దంలో ఇలా కదలకుండా మోసం చేసేవాటిని పట్టిక వేసి పెట్టాడు. ఆకాశం చూసేవాళ్లు నేటికీ వాడే పట్టిక అది.

వచ్చే తోకచుక్క ఎలా వెలుగుతుందో ముందుగా ఎవరూ గట్టిగా చెప్పలేరు. 2013లో ఐసాన్ అనే తోకచుక్క మీద ప్రపంచమంతా ఆశ పెట్టుకుంది, నవంబరు 28న సూర్యుణ్ణి చుట్టేటప్పుడు అది ముక్కలై కరిగిపోయింది. అందుకే తోకచుక్క వచ్చేదాకా ఆగకుండా కంటికి తర్ఫీదు ఇప్పుడే ఇవ్వొచ్చు. మెస్సియే పట్టికలో 31వది, ఆండ్రోమెడా గెలాక్సీ, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా చూడటానికి అచ్చం తోకలేని తోకచుక్క. డిసెంబరు మొదట్లో రాత్రి ఎనిమిదింటికి ఉత్తరం వైపు తిరిగి, ఆరు పిడికిళ్ల ఎత్తున వెతకండి. వేసవిలో అయితే ఒమేగా సెంటారై అనే నక్షత్రాల గుంపు ఉంది. యూరప్‌లో చాలా చోట్ల అది అసలు పైకే రాదు, మనకు దక్షిణాన దాదాపు మూడు పిడికిళ్ల ఎత్తుకు వస్తుంది. మే నెల నడుమ రాత్రి పదింటికి చిత్త నక్షత్రం దక్షిణాన బాగా ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి తిన్నగా కిందికి మూడున్నర పిడికిళ్లు కొలిస్తే, బైనాక్యులర్‌లో గుండ్రటి మసక ముద్ద తగులుతుంది. రెండింటి వెలుగూ 3.5, 4 మాగ్నిట్యూడ్‌ల దగ్గరే, లెమ్మన్‌ది ఎంతో అంత. మీరు ఎంచుకున్న చెరువు కట్ట నుంచో ఒడ్డు నుంచో ఇవి తేలిగ్గా కనపడితే అలాంటి తోకచుక్క కాస్త ఎత్తులో ఉన్నప్పుడు అక్కడి నుంచే కనపడుతుంది. కనపడకపోతే వేరే చోటు ఇప్పుడే వెతుక్కోండి, అది వచ్చాక వెతుక్కునే తీరిక ఉండదు.